నా కొలతకు నేను కుట్టుకున్న జీన్సు

మొన్న శ్రావణంలో ఒక పెళ్లికని మా బావగారి కూతురు, తన కూతుర్ని వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి గద్వాల వచ్చింది. పెళ్లివారు ఇచ్చిన గదిలో ఉక్కకు నిలవలేక తల్లీ కూతుళ్లిద్దరూ మా ఇంటికే వచ్చి పడుకున్నారు. బావగారంటే మా ఆయనకు స్వయానా అన్న. ఆయనా లేడు, మా ఆయనా లేడు, ఇంట్లో ఇప్పుడు నేనూ నా కుట్టు మిషనూ మిగిలాం. భోజనాలయ్యాక ఆ మనవరాలు పిల్ల నా పక్కన చాప మీద వాలి ఫోను చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి లేచి కూర్చుని నాకూ చూపించింది. ఎవరో అమ్మాయి, ఏ దేశందో తెలియదు, కిటికీ పక్కన మిషను వేసుకుని, తన నడుముకు తానే టేపు చుట్టుకుని, తన జీన్సు తానే కత్తిరించి కుట్టుకుంటున్నది. చివరికి అది తొడుక్కుని అద్దం ముందు ఇటు తిరిగి అటు తిరిగి మురిసిపోయింది. జీన్సు ఇంట్లో కూడా కుట్టుకోవచ్చని తనకు ఇన్నాళ్లూ తెలియనే తెలియదని ఆ పిల్ల ఒకటే ఆశ్చర్యపోయింది.

నాకు తెలుసని నేను అనేలోపే వాళ్లమ్మ అందుకుని, అసలు సంగతి ఇప్పుడు చూడమన్నట్టు బ్యాగులోంచి ఒక కవరు తీసి నా ఒళ్లో పెట్టింది. అందులో వెలిసిపోయిన పాత జీన్సు ఉంది.

"చిన్నమ్మా, గిది నాయిన కుట్టిన జీన్సు. ఇన్నేండ్లాయె, పారేయ బుద్ధి కాలే. ఇప్పుడు పిల్ల ఏస్కుంటనంటుంది, నడుము కాడ పట్టుకుంటుంది. జర లూజు చేసియ్యవా?"

కళ్లద్దాలు పెట్టుకునే అవసరం కూడా రాలేదు, నా చేతికి తెలిసిపోయింది. ఇది మీ నాయిన కుట్టింది కాదు బిడ్డా, నేను కుట్టింది అన్నాను. దానికి అదేదో నేను సరదాకు అన్నట్టు పక్కున నవ్వి, నా భుజం మీద చెయ్యి వేసింది. "కాజలు నువ్వే కుడుతుంటివి గద చిన్నమ్మా. గా నడుము కాడి కాజ నీదే అయ్యుంటది, తియ్యి." ప్రేమగానే అంది. అందుకే మరీ ఒళ్లు మండింది.

నా ఈడు వాళ్లలో దర్జీల ఇళ్లలో పుట్టి పెరిగిన ఆడవాళ్లకు ఈ కాజాల సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మగవాళ్లు దుకాణంలో కూర్చుని కత్తిరించి, మిషను మీద కుట్టి, సగం ముగిసిన చొక్కాలూ ప్యాంట్లూ ఒక మూటగా కట్టి సాయంత్రానికి ఇంటికి పంపేవారు. ఇంట్లో ఆడవాళ్లు వంటా వార్పూ చూసుకుంటూ, పిల్లల్ని ఒళ్లో వేసుకుని, వాటికి గుండీలు దూరే కాజాలు కుట్టి, గుండీలు వేసి, అంచులు మడిచి కుట్టి తెల్లవారేసరికి మూట సిద్ధం చేసేవారు. నేను పుట్టింది అమరచింతలో, మా నాన్నదీ కుట్టు పనే. అయితే మా నాన్నకు మగపిల్లలు లేకనో, ఆయన స్వభావమే అంతనో, నా చేతికి చిన్నప్పుడే కత్తెర ఇచ్చాడు. బడిపిల్లల నిక్కర్ల దగ్గర మొదలుపెట్టి ప్యాంట్ల దాకా నేను కత్తిరించినవి ఆయన కళ్లు మూసుకుని మిషను మీద పెట్టేవాడు. గద్వాలలో పెళ్లి చేసి పంపాక మాత్రం కథ మారింది. మా అత్తగారింట్లో కత్తెర మగవాళ్లది, చేతి సూది ఆడవాళ్లది. పాత బస్టాండు వైపు మా బావగారి దుకాణం ఉండేది. ఆయన కటింగ్ మాస్టరు, మా ఆయన మిషను మీద. నేనూ మా తోడికోడలూ ఇంట్లో కాజాల మీద. మా పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిషను ఒక మూల ముసుగేసుకుని కూర్చుంది, దాని మీద చిరుగులు కుట్టుకోవడానికి మాత్రం నాకు అనుమతి ఉండేది.

అప్పుడప్పుడే మా వైపు కుర్రాళ్లకు జీన్సు పిచ్చి పట్టుకుంటున్నది. హైదరాబాదులో చదివే వాళ్లు అక్కడ కొన్నవి వేసుకుని సెలవులకు వచ్చేవారు, వాళ్లను చూసి ఇక్కడి వాళ్లకు నిద్ర పట్టేది కాదు. రెడీమేడ్ జీన్సు ఒకరికి నడుము సరిపోతే కాళ్ల దగ్గర ఈడ్చుకుపోయేది, ఒకరికి కాళ్లు సరిపోతే నడుము జారేది. మా బావగారు రాయచూరు నుంచి జీన్సు తాను ఒకటి తెప్పించి, మేమూ కుడతామని దుకాణం ముందు వేలాడదీశాడు. మొట్టమొదట వచ్చినవాడు విత్తనాల వ్యాపారి కొడుకు.

ఇక్కడ మా అత్తగారింటి పట్టింపు ఒకటి చెప్పాలి. గిరాకీ గుడ్డను కుట్టి చేతికిచ్చేదాకా నీటి చుక్క తాకనివ్వరాదు. తడిపితే కొత్తదనం పోతుంది, పాత గుడ్డతో కుట్టి ఇచ్చారని మాట వస్తుంది అని మా మామగారి కాలం నుంచీ వస్తున్న భయం. చొక్కా గుడ్డకు ఆ పట్టింపు చెల్లింది గాని, జీన్సు గుడ్డకు చెల్లుతుందా? పైగా బావగారు దాన్ని మామూలు ప్యాంటు కత్తిరించినట్టే కత్తిరించాడు. ఆ అబ్బాయి వేసుకున్న మొదటి రోజు బాగానే ఉంది. ఉతికి వేసుకున్న రోజు అది చీలమండల పైకి ఎక్కి, స్కూటరు మీద కాలు వేయబోయేసరికి సరిగ్గా మా దుకాణం ముందే వెనక కుట్టు పర్రున చిరిగింది. బజారంతా నవ్వింది. గుడ్డే మంచిది కాదని బావగారు తానును తిట్టి మూలకు విసిరేశాడు.

బావగారితో ఎదురుపడి మాట్లాడే అలవాటు అప్పట్లో మరదళ్లకు లేదు. ఏదైనా మా ఆయన ద్వారానే పోవాలి. గుడ్డ తప్పు కాదు, తడిపి ఆరేశాకే కత్తెర పెట్టాలి అని నేను మా ఆయనకు చెప్పాను. మా నాన్న ముతక నూలు గుడ్డ ఏది వచ్చినా అలాగే చేసేవాడు. రిపేరుకు ఇచ్చి ఎవరో తీసుకుపోని ఒక పాత జీన్సు దుకాణంలో ఉంటే తెప్పించుకుని, మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కునుకు తీసే వేళ దాని కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పి చాప మీద పరిచాను. అప్పుడు తెలిసింది దాని కీలకమంతా ఎక్కడుందో. నడుము పట్టీకి కింద, వెనక వైపు, మధ్యలో లోతుగా పక్కలకు సన్నగా దిగే ఒక చిన్న ముక్క ఉంటుంది. ఆ ముక్కే గుడ్డను ఒంటికి హత్తుకునేలా వంచుతుంది. అది మనిషి మనిషికీ మారాలి. మార్చకపోతే అది జీన్సు కాదు, గోనెసంచి.

అన్నకు ఏం చెప్పుకున్నాడో గాని, మా ఆయన మూలన పడ్డ ఆ జీన్సు తానును మోసుకుని ఇంటికి తెచ్చాడు, నా మిషను ముసుగు తీసింది. పని ఇంట్లో జరిగేది, పేరు దుకాణానికి పోయేది. బావగారు కత్తిరించి పంపితే నేను పైపని చేస్తున్నాననే ఇంట్లో పిల్లలు కూడా అనుకునేవారు. మగవాళ్లకు నేను టేపు పెట్టి కొలతలు తీసే ప్రశ్నే లేదు గనుక, ఒంటికి బాగా కుదిరిన ప్యాంటు ఏదైనా ఆదికి తెచ్చి ఇమ్మని మా ఆయన అడిగి తెచ్చేవాడు. జాకెట్టుకు ఆది జాకెట్టు ఇచ్చినట్టే. పాత ప్యాంటు అబద్ధం చెప్పదు. మోకాలు ఎక్కడ వంగిందో, ఏ తుంటి ఎత్తో, ఏ జేబులో ఏం కుక్కుకుని తిరుగుతాడో అన్నీ దాంట్లో కనిపిస్తాయి. కన్న తల్లులకు తెలియని సంగతులు నాకు తెలిసేవి. దళసరి కుట్ల మీద సబ్బుముక్క రుద్దితే సూది విరగకుండా దిగేది. నాలుగు మడతలు కలిసిన చోట మిషను మొండికేస్తే పొత్రం తెచ్చి దంచి పలచన చేసేదాన్ని. ఒకసారి ఆ పొత్రంతోనే మా అత్త పల్లీల పచ్చడి నూరి, పచ్చడి నీలంగా ఎందుకైందని ఇల్లంతా ఏకం చేసింది.

జీన్సు కుట్టించుకోవడానికి వనపర్తి నుంచి, నాగర్‌కర్నూలు నుంచి కూడా కుర్రాళ్లు బస్సెక్కి వచ్చేవారు. మాస్టరు చేతిలో ఏదో ఉందనేవారు. కూరగాయలకని బజారుకు పోతే ముందు నడిచే కుర్రాళ్లను వెనక నుంచి చూసి, ఇతను ఫలానా అని గుర్తుపట్టి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేదాన్ని. ముఖాలు చూస్తే ఎవరో తెలిసేది కాదు. బావగారికి సన్మానం లాంటిది కూడా ఒకటి జరిగింది, వ్యాపారులంతా కలిసి శాలువా కప్పారు. ఆ శాలువా ఉతికి మడతపెట్టింది నేనే. మా ఆయన మంచివాడు, తాగడు, కొట్టడు, నా మాట కాదనడు. కానీ ఇది నా భార్య పని అని నలుగురిలో, అన్న ముందు ఒక్క మాట అనడానికి మాత్రం ఆయనకు జీవితకాలం సరిపోలేదు. ఆయన మంచితనాన్ని తలచుకుని నన్ను నేను ఊరడించుకోవాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా, చివరికి కోపమే మిగులుతుంది.

ఊరందరికీ కుట్టగా కుట్టగా నాకూ ఒకటి కుట్టుకోవాలనిపించింది. దీన్ని వింతగా చూడకండి. మాది చీరల ఊరు, నాకు చీరంటే చిన్నచూపు లేదు, మా వీధిలో మగ్గాల చప్పుడు వినకుండా నాకు పొద్దు గడిచేది కాదు. కానీ చీరకు కొలత ఉండదు. నాకైనా మా అత్తకైనా అదే చీర. నా ఒంటిని కొలిచి, నా కోసమే కత్తిరించిన బట్ట ఒక్క జాకెట్టు తప్ప ఏదీ నేను ఎరగను. పత్తి చేలల్లో విత్తనం పనికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చొక్కా తొడుక్కుని ఆటోల్లో పోతుంటే ఎవరూ తప్పుపట్టరు. కూలికైతే మగ చొక్కా ఫరవాలేదు, ముచ్చటకైతే లోకం ఊరుకోదు. మా ఆయనకు చెబితే, నవ్వలేదు, వద్దనలేదు. పెద్ద మిషను బేరం చూడటానికి ఇద్దరం హైదరాబాదు పోదామని అప్పటికే అనుకుంటున్నాం. అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరు, అక్కడ వేసుకుందువు అన్నాడు.

ఆ మాట పట్టుకుని మొదలుపెట్టాను. ఆది లేదు, నేనెప్పుడైనా ప్యాంటు వేసుకుంటే గదా ఆదికి. తలుపు గడియ వేసుకుని నా నడుముకు నేనే టేపు చుట్టుకున్నాను. ఇంతమంది ఒళ్లు తెలిసిన నాకు నా ఎడమ తుంటి కుడిదానికంటే కొంచెం కిందికి ఉంటుందన్న సంగతి ఆనాడే తెలిసింది. చంకన బిందెల్నీ పిల్లల్నీ మోసిన గుర్తు కావచ్చు. దానికి తగ్గట్టు ఆ వెనక ముక్కను ఒకవైపు రవ్వంత దించి కత్తిరించాను. ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు కాస్త కాస్తగా, దొంగపని చేసినట్టు కుట్టాను. పూర్తయ్యాక, కొత్త బట్ట గనుక, ఎవరికీ కనబడకుండా లోపలి జేబు గుడ్డకు పసుపు బొట్టు పెట్టాను. ఒకే ఒక్కసారి వేసుకుని గదిలో గోడ దాకా నడిచి వెనక్కి వచ్చాను. ఎంత హాయిగా ఉందో ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు. మళ్లీ మడిచి బొంతల కింద పెట్టాను, హైదరాబాదు ప్రయాణం కోసం.

బొంతలు ఎండకు వేద్దామని తీసింది మా తోడికోడలు. అందరం నడవలో ఉండగా దాన్ని రెండు చేతులా పైకెత్తి, ఎవరిదని అడిగింది. ఆడవాళ్ల తుంట్లకు కత్తిరించిన జీన్సు అని ఎవరు చూసినా తెలుస్తుంది. మా అత్త నా వైపే చూస్తున్నది. నేను నోరు తెరవబోయాను. అంతలో మా ఆయన అడ్డం పడ్డాడు.

"గిరాకీది వదినా. బ్యాంకు మేడమ్ ఆర్డర్ ఇచ్చి తీస్కపోలే. బదిలీ అయి పోయినట్టుంది."

నన్ను కాపాడాననే అనుకున్నాడు. ఆ ఒక్క మాటతో నా జీన్సు నాది కాకుండా పోయింది. అప్పుడే బావగారి కూతురికి హైదరాబాదులో కాలేజీ సీటు వచ్చింది. తీసుకుపోని ఆర్డరు మూలకు పడేసేకంటే పిల్లకు పనికొస్తుంది, పట్నంలో అందరూ అవే వేసుకుంటారట అన్నాడు బావగారు. అదే మా అత్త తల ఊపింది. కోడలికైతే కూడదు, చదువుకునే మనవరాలికైతే ముచ్చట. పిల్ల సన్నగా రివటలా ఉండేది, నడుమూ తుంట్లూ వదులైంది. జర ఫిటింగ్ చేసి పెట్టమని దాన్ని మళ్లీ నా చేతికే ఇచ్చారు. నా కుట్లు నేనే విప్పి, నా నడుమును నేనే లోపలికి మడిచి, ఆ పిల్ల కొలతకు కుట్టాను. మిగిలిన గుడ్డను కత్తిరించి పారేయాలి, దళసరిగా ఉంటుంది, పనితనం అదే. నాకు కత్తెర ఆడలేదు. పిల్ల ఒళ్లు చేస్తే రేపు వదులు చేయడానికి ఉంటుందిలే అని మా తోడికోడలికి చెప్పాను.

తండ్రీ కూతుళ్లు హైదరాబాదు బస్సెక్కారు, జీన్సు కూడా ఎక్కింది. పెద్ద మిషను బేరం కూడా ఆ ప్రయాణంలోనే బావగారు చూసుకుని వచ్చాడు, అందుకని మేమిద్దరం పోవలసిన పని లేకుండా పోయింది. నాన్న కుట్టిన జీన్సును హాస్టలులో అందరూ మెచ్చుకున్నారని ఆ పిల్ల సెలవులకు వచ్చి చెబితే బావగారు కాదనలేదు. ఆయనకు బ్యాంకు మేడమ్ కథే తెలుసు, అది ఎవరు కత్తిరించారో మాత్రం బాగా తెలుసు. మీసం మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తూ విన్నాను.

ఇప్పుడు ఆ జీన్సే నా ఒళ్లో ఉంది. పక్క కుట్లు విప్పాను. బయట అంతా వెలిసి బూడిద రంగుకు వచ్చింది గాని, లోపలికి మడిచిన ఆ బద్ద మాత్రం నేను దాచిన రోజు ఎంత చిక్కటి నీలమో అంత నీలంగానే ఉంది. దాని అంచున నా మొదటి కుట్టు సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి. జేబు గుడ్డ తిరగేసి చూశాను, పసుపు మరక పలచబడి ఎర్రగా మారినా ఇంకా ఉంది. చూడు బిడ్డా, ఈ పసుపు నేను పెట్టుకున్నది, ఇది నా కొలతకు నేను కుట్టుకున్న జీన్సు అని మళ్లీ చెప్పాను. ఈసారి అది నవ్వలేదు. నా వయసుకు మతి తప్పుతున్నదేమోనన్న జాలి దాని కళ్లలో కనిపించింది.

"పసుపు అమ్మ పెట్టి ఉంటది చిన్నమ్మా. నువ్వెప్పుడన్న జీన్సు ఏస్కుంటివా?"

గదిలో గోడ దాకా నడిచిన ఆ ఒక్కసారి తప్ప వేసుకోలేదు, నిజమే. సూదికి దారం ఎక్కించాను. కొత్త చోట కుట్టవలసిన పనేమీ పడలేదు, ఆ పాత రంధ్రాల వెంటే మిషను పోనిచ్చాను. ఎడమ వైపు రవ్వంత దించి కత్తిరించిన ముక్క దాని చోట అది కూర్చుంది. మనవరాలు పిల్ల వేసుకుని వచ్చి, తన కోసమే కొలిచి కుట్టినట్టుంది అంటూ గిర్రున తిరిగింది. ఎడమ వైపు కాస్త జారినట్టుందేమో, తాత పొరపాటు పడ్డాడేమో అని కూడా అంది. ఫోటో తీసి, మా తాత చేత్తో కుట్టిన జీన్సు అని రాసి, అప్పటికప్పుడు లోకమంతటికీ పంపింది. ఎన్ని మెచ్చుకోళ్లు వచ్చాయో నాకు చదివి వినిపించింది.

మా దుకాణం ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. జీన్సు కుట్టించుకునేవాళ్లు లేరు, ఎవరి కొలతకూ కుట్టనివి కొనుక్కుని అందరూ సర్దుకుపోతున్నారు. గద్వాల వీధుల్లో జీన్సు వేసుకుని స్కూటీల మీద పోయే ఆడపిల్లల్ని ఎవరూ తలతిప్పి కూడా చూడరు, మా వీధి కోడళ్లు కూడా వేసుకుంటున్నారు. నేను తలుపు గడియ వేసుకుని చేసిన పనిని ఆ ఫోన్లో అమ్మాయి కిటికీలన్నీ తీసి చేస్తున్నది. మంచిదే, నేను ఏడ్వను. కాని ఇంత మారిన లోకంలో ఒక పాత బట్ట మీద ఒక పేరు మారడానికి చోటు లేకపోయింది.

సాయంత్రం పెళ్లి ఊరేగింపు చూస్తానని ఆ పిల్ల అదే జీన్సుతో బజారుకు బయలుదేరింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. వెనక నుంచి చూసి మనిషిని గుర్తుపట్టే అలవాటు నాకు ఇంకా పోలేదు. నా నడుము, నా తుంట్లు, రవ్వంత కిందికి దిగిన నా ఎడమ పక్క, పాత బస్టాండు వైపు మలుపు తిరిగేదాకా కనిపించాయి. ఆ పూట గద్వాల బజారులో నేను జీన్సు వేసుకుని నడిచాను. చూసింది నేనొక్కదాన్నే.